రాడ్ ఎందుకు విరిగింది?

వంకర తిరిగిన వెన్నెముకను సరిచేసే ఆపరేషన్ కొన్ని గంటల్లో ముగుస్తుంది. లోపల బిగించిన లోహానికి మాత్రం పని అప్పుడే మొదలవుతుంది. అది ఎక్కడ, ఎందుకు దెబ్బతింటుందో తెలిసినవాళ్లకు మెడికల్ డివైస్ రంగంలో చోటుంది. మెకానికల్, మెటలర్జీ, బయోమెడికల్ వాళ్లకే కాదు, కంప్యూటర్ సైన్స్ వాళ్లకూ!

ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. పదిహేనేళ్ల అమ్మాయికి వెన్ను వంకర సరిచేసే ఆపరేషన్ జరిగిందనుకోండి. వీపులో రెండు రాడ్లు, వాటిని పట్టుకోవడానికి ఇరవై దాకా స్క్రూలు. ఏడాదిన్నర బాగానే గడిచింది. తర్వాత నొప్పి మొదలైంది. ఎక్స్‌రే తీస్తే ఒక రాడ్ రెండు ముక్కలై కనిపించింది. ఆ రాడ్ తయారుచేసిన కంపెనీలో మీరు కొత్తగా చేరిన ఇంజినీర్. ఫిర్యాదు మీ టేబుల్ మీదికొచ్చింది. తప్పు ఎక్కడుందని చెబుతారు?

‘మెటీరియల్ నాసిరకం అయ్యుంటుంది’ అనేది చాలామందికి ముందుగా తట్టే జవాబు. ‘డాక్టర్ సరిగా బిగించలేదేమో’ అనేది రెండోది. రెండూ అయ్యే వీలుంది. కానీ ఇలాంటి కేసుల్లో ముందు చూడాల్సింది ఎముకను. అది అతుక్కుందా, లేదా? అతుక్కోకపోతే రాడ్ విరగడం ఆశ్చర్యమేమీ కాదు. అతుక్కున్నాక విరిగితేనే ఆశ్చర్యపడాలి. ఈ తేడా అర్థమైతే సగం సబ్జెక్టు వచ్చేసినట్టే.

అసలు ఆపరేషన్‌లో ఏం చేస్తారు?

వెన్నెముక పక్కకు వంగి, దాంతోపాటు మెలి తిరగడాన్ని స్కోలియోసిస్ అంటారు. ఎక్స్‌రే మీద గీతలు గీసి ఎన్ని డిగ్రీలు వంగిందో కొలుస్తారు. దాని పేరు కాబ్ కోణం. 10 డిగ్రీలు, ఆపైన ఉంటేనే స్కోలియోసిస్ కింద లెక్క. ఎదిగే పిల్లల్లో 2 నుంచి 3 శాతం మందిలో ఇది కనిపిస్తుంది. చాలామందికి ఆపరేషన్ అవసరమే రాదు. కొందరికి బెల్టు సరిపోతుంది. 45, 50 డిగ్రీలు దాటితేనే సాధారణంగా ఆపరేషన్ మాట వస్తుంది. వంపు పెద్దదయ్యే ముప్పు అమ్మాయిల్లో ఎక్కువ. ముందుకు వంగే గూని వేరు, దాన్ని కైఫోసిస్ అంటారు. మన దగ్గర గూని అనగానే వయసు మీదపడినవాళ్లు గుర్తొస్తారు కానీ, వెన్నుకు సోకిన క్షయ వల్ల పిల్లలకూ వస్తుంది. నల్గొండ ఫ్లోరైడ్ గ్రామాల్లో నడుములు వంగిపోయినవాళ్ల ఫొటోలు చూడని తెలుగువాళ్లు తక్కువే.

ఆపరేషన్‌లో రెండు పనులు జరుగుతాయి. స్క్రూలు, రాడ్లతో వంపును వీలైనంత సరిచేసి ఆ స్థితిలో పట్టి ఉంచడం ఒకటి. ఆ భాగంలోని వెన్నుపూసల పైపొరను గీకి, ఎముక ముక్కలు పరిచి, అవన్నీ కలిసి ఒకే ఎముకగా అతుక్కునేలా చేయడం రెండోది. దీన్ని ఫ్యూజన్ అంటారు. ఎక్స్‌రేలో మెరిసేది లోహమే కాబట్టి మన చూపు దాని మీదే పడుతుంది. జీవితాంతం బరువు మోయాల్సింది మాత్రం ఆ అతుక్కున్న ఎముక. ఇల్లు కట్టేటప్పుడు స్లాబు కింద పెట్టే సెంట్రింగ్ లాంటిది రాడ్. స్లాబు గట్టిపడేదాకా దాని అవసరం. తేడా ఏంటంటే, ఇక్కడ సెంట్రింగ్ విప్పరు, అలాగే వదిలేస్తారు.

ఎముక గట్టిగా అతుక్కోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఈలోపు మనిషి లేస్తాడు, కూర్చుంటాడు, నడుస్తాడు, దగ్గుతాడు. ప్రతిసారీ రాడ్ కంటికి కనిపించనంతగా వంగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. అందుకే దీన్ని ఎముకకూ లోహానికీ మధ్య పరుగుపందెం అంటారు. ఎముక ముందు చేరితే రాడ్ మీద భారం తగ్గుతుంది. చేరకపోతే ఎంత మంచి లోహమైనా ఏదో ఒకరోజు అలసిపోతుంది. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ పరీక్షలో ఎస్-ఎన్ కర్వ్ గీసి మార్కులు తెచ్చుకుని మర్చిపోయారు కదా, అదే ఇది.

అతుక్కోకుండా మిగిలిపోయిన చోటును సూడార్త్రోసిస్ అంటారు. అంటే కీలు ఉండకూడని చోట దొంగ కీలు తయారవడం. కారణాలు చాలా ఉన్నాయి. సిగరెట్ వాటిలో ఒకటి, అదీ మన చేతిలో ఉన్న కారణం. నికోటిన్ ఎముక పెరుగుదలను దెబ్బతీస్తుంది. అందుకే ఆపరేషన్‌కు ముందే మానేయమని సర్జన్లు పట్టుబడతారు. చాలాసార్లు ఈ దొంగ కీలు ఉన్న సంగతి బయటపడేదే రాడ్ విరిగాక.

వంచిన చోటే విరుగుతుంది

ఇప్పుడు రాడ్ సంగతి. వాడకంలో ఉన్న వ్యాసాల్లో 5.5, 6, 6.35 మిల్లీమీటర్లవి తరచుగా కనిపిస్తాయి. గుండ్రటి కడ్డీ వంగకుండా నిలిచే గుణం దాని వ్యాసానికి నాలుగో ఘాతం మీద ఆధారపడుతుంది. లెక్క వేయండి: 5.5 నుంచి 6.35కు వెళ్తే పెరిగింది ఒక మిల్లీమీటర్ కూడా కాదు. బిగువు మాత్రం దాదాపు 1.78 రెట్లు. మరి అందరికీ లావు రాడ్లే వేసేయొచ్చుగా? వేయకూడదు. బిగువు పెరిగితే ఆ భారం స్క్రూల మీదకు, స్క్రూ దిగిన ఎముక మీదకు పోతుంది. రాడ్ విరగదు, స్క్రూ ఊడి వస్తుంది. లావు రాడ్ చర్మం కింద పొడుచుకొచ్చినట్టూ ఉంటుంది, సన్నగా ఉన్న పిల్లల్లో మరీనూ.

లోహాల ఎంపికలోనూ ఇదే తకరారు. స్టీల్ ఎలాస్టిక్ మాడ్యులస్ సుమారు 200 గిగాపాస్కల్స్, టైటానియం మిశ్రమానిది సుమారు 110, గట్టి ఎముకది 20కి అటూఇటూ. అంటే టైటానియం ఎముకకు కాస్త దగ్గర బంధువు. పైగా ఎంఆర్ఐలో బొమ్మను స్టీల్ చెడగొట్టినంతగా చెడగొట్టదు. కానీ దానికో బలహీనత ఉంది. గాటు పడితే తట్టుకోలేదు. సర్జన్ రాడ్‌ను రోగి వెన్నుకు తగ్గట్టు ఓటీలోనే బెండర్‌తో వంచుతారు. ఆ బెండర్ నొక్కిన చోట చిన్న గాట్లు పడతాయి. ఆ గాటే పగులుకు పుట్టిల్లు. కోబాల్ట్ క్రోమ్ రాడ్లు స్టీల్‌కన్నా బిగువుగా ఉంటాయి, వంపును బాగా పట్టి ఉంచుతాయి, ఎంఆర్ఐలో మాత్రం టైటానియం కంటే ఎక్కువ అడ్డుపడతాయి. ఏది మంచిదని అడిగితే, ఏ రోగికి అని ఎదురు ప్రశ్న వేయాల్సిందే.

పెద్దవాళ్లలో ఇది ఇంకా కష్టం. బాగా ముందుకు వంగి, బిగుసుకుపోయిన వెన్నును నిటారు చేయడానికి కొన్నిసార్లు ఒక వెన్నుపూస నుంచి ముక్కోణం ఆకారంలో ఎముక కోసి తీసేసి, ఆ ఖాళీని మూసేస్తారు. ఆ చోటే రాడ్‌ను బాగా వంచాలి. బరువూ అక్కడే ఎక్కువ పడుతుంది. అంటే ఎక్కువ గాయపడ్డ చోటే ఎక్కువ పని చేయాలి. 2012లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో ఆపరేషన్ చేయించుకున్న పెద్దల్లో 6.8 శాతం మందికి రాడ్ విరిగితే, ఇలా ఎముక ముక్క తీసినవాళ్లలో అది 15.8 శాతం. ఆ తర్వాత సర్జన్లు ఆ చోటకు అదనంగా మూడో, నాలుగో రాడ్ జోడించడం పెరిగింది. ఏ బ్రిడ్జి ఇంజినీరైనా ఇదే చేస్తాడు.

ఒక సమస్య పోతే ఇంకోటి

ఈ రంగం చరిత్ర చదివితే ఒక విషయం బాగా తెలుస్తుంది. ఇక్కడ ప్రతి కొత్త పరికరం పాత సమస్యను తగ్గించింది, కొత్త సమస్యను తెచ్చింది.

1950లలో అమెరికాలోని హ్యూస్టన్‌లో పాల్ హారింగ్టన్ అనే డాక్టర్ దగ్గరికి పోలియో వచ్చి వెన్ను వంగిపోయిన పిల్లలు వచ్చేవారు. అప్పటిదాకా ఎముక అతికించి, నెలల తరబడి పిండికట్టులో పడుకోబెట్టడమే వైద్యం. ఆయన స్టీల్ రాడ్‌కు రెండు చివర్లా కొక్కేలు పెట్టి, కారు జాకీలా సాగదీసే ఏర్పాటు చేశారు. 1962లో ఆ ఫలితాలను ప్రచురించారు. మొదట్లో లోహంతోనే పనైపోతుందనుకున్నా, అవి విరగడం, ఊడటం చూశాక ఫ్యూజన్ కూడా తప్పదని తేలింది.

వంపు తగ్గింది, అందరికీ సంతోషమే. ఏళ్లు గడిచాక అసలు కథ బయటపడింది. నడుము దగ్గర సహజంగా లోపలికి ఒక వంపు ఉంటుంది. మనం నిటారుగా నిలబడగలిగేది దానివల్లే. హారింగ్టన్ రాడ్ సాగదీయడంతో, ముఖ్యంగా నడుము కిందిదాకా వేసినవాళ్లలో, ఆ వంపు చదునైపోయింది. దీనికి ఫ్లాట్‌బ్యాక్ అని పేరు. నిలబడితే ఒళ్లు ముందుకు వాలిపోతుంది. దాన్ని సరిచేసుకోవడానికి మోకాళ్లు వంచాలి, తుంటి కండరాలు అదేపనిగా పనిచేయాలి. సాయంత్రానికి నడుము విరిగినంత పని. ముందు నుంచి తీసిన ఎక్స్‌రేలో ఆపరేషన్ సూపర్ సక్సెస్, పక్క నుంచి తీస్తే ఫెయిల్! సమస్యకు మూడు దిక్కులుంటే ఒక్క దిక్కు నుంచే కొలిచినందుకు వచ్చిన చిక్కిది. డేటాసెట్‌లో ఒక్క మెట్రిక్ చూసి మోడల్ అద్భుతం అనేవాళ్లు ఈ పేరా ఇంకోసారి చదవండి.

1970లలో మెక్సికో డాక్టర్ ఎడ్వార్డో లూకే రెండు చివర్ల బదులు ప్రతి పూసనూ తీగతో రాడ్‌కు కట్టే పద్ధతి తెచ్చారు. బరువు అన్నిచోట్లా పంచుకోవడంతో పిండికట్టు అవసరం తగ్గింది. కానీ ఆ తీగ వెన్నుపాము పక్క నుంచే దూరి వెళ్లాలి. చెయ్యి జారితే ప్రమాదం. 1980ల మొదట్లో ఫ్రాన్స్‌లో కాట్రెల్, డుబూసే అనే ఇద్దరు డాక్టర్లు రాడ్‌ను తిప్పడం ద్వారా మెలికను కూడా సరిచేసే విధానం తెచ్చారు. ఆ తర్వాత 1990లలో పెడికిల్ స్క్రూలు వెన్ను పైభాగానికీ వచ్చాయి. దక్షిణ కొరియా డాక్టర్ సే-ఇల్ సుక్ పేరు ఇక్కడ చెప్పుకోవాలి. స్క్రూ వెనక నుంచి మొదలై పూస ముందు భాగందాకా దిగుతుంది కాబట్టి మూడు దిక్కులా పట్టు దొరుకుతుంది. అది వెళ్లే ఎముక దారి మాత్రం పిల్లల్లో కొన్నిచోట్ల కొద్ది మిల్లీమీటర్లే. అటు వెన్నుపాము, ఇటు పెద్ద రక్తనాళం. నావిగేషన్ సాఫ్ట్‌వేర్, సర్జికల్ రోబోలు ఈ చిన్న దారి కోసమే పుట్టాయి. ఇమేజ్ ప్రాసెసింగ్ మీద ఆసక్తి ఉన్నవాళ్లకు ఇదో మంచి వీధి.

సరే, రాడ్ గట్టిది, స్క్రూలు గట్టివి, ఎముక అతుక్కుంది. అయిపోయిందా? లేదు. కదలని భాగం ఎక్కడ ముగిసి, కదిలే భాగం ఎక్కడ మొదలవుతుందో ఆ సరిహద్దు ఒకటి ఉంటుంది. ఆ పైన ఉన్న పూస మెల్లగా ముందుకు ఒరుగుతుంది. దీన్ని ప్రాక్సిమల్ జంక్షనల్ కైఫోసిస్ అంటారు. నోరు తిరగని పేరే కానీ విషయం తెలిసిందే. గట్టి దాని పక్కన మెత్తనిది పెడితే ఒత్తిడంతా కలిసే చోట పోగవుతుంది. ఫోన్ చార్జర్ వైరు ఎప్పుడూ పిన్ను దగ్గరే ఎందుకు తెగుతుందో ఆలోచించండి. అక్కడ మెత్తని రబ్బరు తొడుగు పెట్టినట్టే, ఇక్కడ కూడా పై చివర స్క్రూ బదులు కొక్కెం వాడటం, పట్టీలతో కట్టడం వంటివి చేసి, బిగువు ఒక్కసారిగా కాకుండా మెల్లగా తగ్గేలా చూస్తున్నారు. ఎముక ఇంకా ఎదుగుతున్న చిన్న పిల్లలకు వెనక భాగం మాత్రమే అతికిస్తే, ముందు భాగం ఎదుగుతూ వెన్ను మళ్లీ మెలి తిరగడం ఇంకో సమస్య. దాని పేరు క్రాంక్‌షాఫ్ట్ ఫినామినన్. పేరు పెట్టింది డాక్టర్లే, ఇంజిన్ మాత్రం మనది.

లోహంతో సంబంధం లేనివి

అన్నిటికన్నా భయపెట్టేది వెన్నుపాముకు దెబ్బ. వంపు సరిచేసేటప్పుడు వెన్నుపాము సాగొచ్చు, దానికి రక్తం అందడం తగ్గొచ్చు. ఫ్రాన్స్‌లో 1973లో స్టాగ్నారా బృందం చెప్పిన పరీక్ష వినడానికే ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఆపరేషన్ మధ్యలో మత్తు తగ్గించి, రోగిని లేపి, ‘కాలి వేళ్లు కదిలించమ్మా’ అని అడుగుతారు. కదిలిస్తే మళ్లీ నిద్రపుచ్చి పని కొనసాగిస్తారు. ఇప్పుడు ఆ పని ఎక్కువగా ఎలక్ట్రోడ్లు చేస్తున్నాయి. తల దగ్గర ఇచ్చిన సంకేతం కాలికి చేరుతోందా, కాలి దగ్గరిది తలకు చేరుతోందా అని ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ తెర మీద చూస్తుంటారు. దీన్నే న్యూరోమానిటరింగ్ అంటారు. అలలు చిన్నబోతే అది నిజంగా వెన్నుపాము సమస్యా, మత్తు మందు ప్రభావమా, బీపీ పడిపోయిందా, వైరు ఊడిందా అని నిమిషాల్లో తేల్చాలి. సిగ్నల్ నుంచి నాయిస్‌ను వేరుచేయడం ఎంత పెద్ద బాధ్యతో ఈసీఈ వాళ్లకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నేను చెప్పలేను.

ఎవరూ ఊహించని కాంప్లికేషన్ ఇంకోటుంది. ఆపరేషన్ అయిన కొద్ది రోజులకు పిల్ల పచ్చగా వాంతులు చేసుకోవడం మొదలెడుతుంది, ఏమీ ఇమడదు. వెన్ను నిటారవడంతో కడుపులో ఒక రక్తనాళం కోణం మారి, దానికీ పెద్ద రక్తనాళానికీ మధ్య చిన్నపేగు మొదటి భాగం నొక్కుకుపోతుంది. బక్కపలచగా ఉన్నవాళ్లలో ఎక్కువ. మత్తు పడక వాంతులనుకుని వదిలేస్తే ప్రమాదం. వెన్ను సరిచేస్తే పేగు మూసుకుపోవడం! సిస్టమ్‌లో ఒక చోట మార్చితే ఇంకెక్కడో ఏదో ఆగిపోవడం కోడ్ రాసేవాళ్లకు కొత్త కాదులెండి.

ఇన్ఫెక్షన్ మొదటి వారాల్లోనే రావాలని లేదు. మన చర్మం మీద మామూలుగా బతికే, మొటిమలతో సంబంధమున్న ఒక బ్యాక్టీరియా లోహం మీద పొరలా పేరుకుని, ఏళ్ల తర్వాత బయటపడిన కేసులున్నాయి. ఆ పొరలోకి యాంటీబయాటిక్స్ సరిగా వెళ్లవు. అప్పటికి ఎముక అతుక్కుని ఉంటే లోహాన్ని తీసేయడమే మార్గం అవుతుంటుంది.

ఇంతా చదివి ఈ ఆపరేషనే వద్దనుకోకండి. 2011లో వచ్చిన ఒక అధ్యయనం పిల్లల స్కోలియోసిస్ ఆపరేషన్లు 19,360 తీసుకుని చూసింది. మొత్తం మీద కాంప్లికేషన్లు 10.2 శాతం. అయితే ఆ సగటు మోసం చేస్తుంది. కారణం తెలియని మామూలు రకంలో 6.3 శాతం, నరాలు, కండరాల జబ్బు వల్ల వచ్చిన రకంలో 17.9 శాతం. ఇందులో చిన్నాపెద్దా అన్నీ కలిపి లెక్క. తగ్గని పెద్ద వంపును అలాగే వదిలేస్తే వచ్చే నష్టం కూడా తక్కువేం కాదు. మరీ పెద్ద వంపులు ఊపిరితిత్తులకే చోటు లేకుండా చేస్తాయి.

మంచి ఆలోచన, నల్లబడ్డ కండ

మెడికల్ డివైస్ ఉద్యోగానికి వెళ్లేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన కేసు ఒకటుంది. చిన్నపిల్లలకు వెన్ను అతికించేస్తే ఎదుగుదల ఆగిపోతుంది. అందుకే ఎదుగుతూ పోయే రాడ్లు వేసి, దాదాపు ఆరు నెలలకోసారి మళ్లీ కోసి వాటిని పొడిగించేవారు. ఒక్కో పిల్లకు ఎన్ని ఆపరేషన్లో లెక్కేసుకోండి. మ్యాజెక్ అనే రాడ్ ఈ బాధ తప్పించింది. లోపల చిన్న అయస్కాంతం, మర. బయటి నుంచి ఇంకో అయస్కాంతం తిప్పితే రాడ్ పొడవు పెరుగుతుంది. కోత లేదు, మత్తు లేదు. హాంకాంగ్ డాక్టర్లు 2012లో ‘లాన్సెట్’లో దీని తొలి ఫలితాలు ప్రచురించారు. 2014లో అమెరికా అనుమతి వచ్చింది. నిజంగానే గొప్ప ఆలోచన.

తర్వాత, బయటికి తీసిన రాడ్ల చుట్టూ కండ నల్లగా మారి కనిపించడం మొదలైంది. కదిలే భాగాలు ఒరుసుకుని రాలిన టైటానియం పొడి అది. కొన్నిటి చివరి మూత ఊడిపోయిన ఘటనలూ వచ్చాయి. 2020 ఏప్రిల్‌లో బ్రిటన్ నియంత్రణ సంస్థ ఆ దేశంలో వీటి సరఫరా ఆపించింది. 2021లో అమెరికా ఎఫ్‌డీఏ కూడా డాక్టర్లను, తల్లిదండ్రులను హెచ్చరించింది. అయితే ఆ పరికరం వల్ల ఎన్నో ఆపరేషన్లు తప్పించుకున్న పిల్లలూ ఉన్నారు. వాళ్ల లాభాన్నీ, ఆ నల్లపొడి ముప్పునూ ఒకే తక్కెడలో ఎలా తూచాలి? కదిలే భాగం పెట్టామంటే అరుగుదల పెట్టినట్టే. ఒంట్లో ఆయిల్ పోయలేం, బేరింగ్ మార్చలేం. నా దృష్టిలో ట్రైబాలజీ పాఠానికి ఇంతకు మించిన కేస్‌స్టడీ లేదు.

మరి ఉద్యోగాలెక్కడ?

పైన చెప్పిన ప్రతి సమస్య వెనకా ఎవరో ఒకరు జీతానికి పనిచేస్తున్నారు. రాడ్, స్క్రూల సెట్టును మార్కెట్లోకి పంపేముందు ఏఎస్‌టీఎం ఎఫ్1717 అనే ప్రమాణం ప్రకారం పరీక్షిస్తారు. రెండు ప్లాస్టిక్ దిమ్మెలకు సెట్టు బిగించి, మధ్యలో పూస అసలు లేనట్టు ఖాళీ వదిలి, 50 లక్షల సార్లు లోడ్ వేసి తీస్తారు. ఎముక సాయం ఏమీ లేని పరిస్థితి అన్నమాట. రోజుకు 5,000 అడుగులు వేసే మనిషి 50 లక్షల అడుగులు వేయడానికి మూడేళ్లలోపే పడుతుంది. ప్రతి అడుగుకూ పరీక్షలో వేసినంత బరువు పడదనుకోండి, అయినా ఈ లెక్క చేసి చూస్తే, ఆ అంకె మీద మనసులో ఒక అంచనా ఏర్పడుతుంది. ఈ టెస్టింగ్ ల్యాబుల్లో, సిమ్యులేషన్ చేసే టీముల్లో మెకానికల్, మెటలర్జీ వాళ్లకు పని ఉంటుంది. అన్సిస్ నేర్చుకుంటే చాలదు. బౌండరీ కండిషన్స్ ఎందుకలా పెట్టారో చెప్పగలగాలి.

క్యాంపస్‌లో ఎవరూ పెద్దగా చెప్పని విభాగం క్వాలిటీ, రెగ్యులేటరీ. విరిగిన రాడ్ వెనక్కి వస్తే దాన్ని కడిగి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, విరిగిన ముఖం మీద అలల్లాంటి గీతలు చూసి, అలసిపోయి విరిగిందా, ఒక్క దెబ్బకే విరిగిందా అని తేలుస్తారు. ఏ బ్యాచ్, ఎవరు వంచారు, ఎక్స్‌రేలో ఎముక అతుక్కుందా అని కూపీ లాగుతారు. నివేదిక రాస్తారు. ఇంగ్లిష్‌లో స్పష్టంగా నాలుగు పేజీలు రాయగలిగితే ఇక్కడ మీ విలువ పెరుగుతుంది. క్వాలిటీకి ఐఎస్ఓ 13485, రిస్కుకు ఐఎస్ఓ 14971, ఒంటితో లోహం పొసుగుతుందా అన్నదానికి ఐఎస్ఓ 10993. ఈ మూడు నంబర్లు, అవి దేనికో తెలిసి ఇంటర్వ్యూకు వెళ్లండి. మన దేశంలో 2018 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన మెడికల్ డివైసెస్ రూల్స్, 2017 ప్రకారం పరికరాలను ఏ, బీ, సీ, డీ అని ముప్పును బట్టి విభజిస్తారు. పరికరాల వల్ల జరిగిన హానిని నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం 2015లో మొదలైంది. ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని సమన్వయం చేస్తుంది.

మన దగ్గర విశాఖపట్నంలో 270 ఎకరాల్లో ఏపీ మెడ్‌టెక్ జోన్, సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో మెడికల్ డివైసెస్ పార్క్ ఉన్నాయి. హైదరాబాద్‌లో మెడ్‌ట్రానిక్ ఇంజినీరింగ్ సెంటర్ ఉంది. పై చదువులకైతే ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ విభాగం ఉంది, గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్ పేపర్ ఉంది. ఇంప్లాంట్ కంపెనీల తరఫున ఓటీలో నిలబడి, ఏ సైజు స్క్రూ ఎక్కడుందో అందించే క్లినికల్ సపోర్ట్ ఉద్యోగాలూ ఉంటాయి. తెల్లవారుజామునే పరుగెత్తాలి, గంటలకొద్దీ నిలబడాలి. రక్తం చూస్తే కళ్లు తిరిగేవాళ్లకు కాదు. కానీ డిజైన్ టేబుల్ దగ్గర పదేళ్లు కూర్చున్నా తెలియనివి అక్కడ కొద్ది నెలల్లో తెలుస్తాయి.

కంప్యూటర్ సైన్స్ వాళ్లు ప్రాజెక్టు కోసం వెతుకుతుంటే ఇది చూడండి. ఎఫ్‌డీఏ నడిపే ‘మాడ్’ డేటాబేస్ ఎవరికైనా ఉచితం. పెడికిల్ స్క్రూ వ్యవస్థల ప్రొడక్ట్ కోడ్ ఎన్‌కేబీ. దాంతో వెతికితే పరికరాల మీద వచ్చిన ఫిర్యాదుల కథనాలు దొరుకుతాయి. రాడ్ విరిగిందా, స్క్రూ వదులైందా, ఇన్ఫెక్షనా అని వాటిని వర్గీకరించే చిన్న మోడల్ రాయండి. ఒక్క జాగ్రత్త! ఎన్ని ఫిర్యాదులొచ్చాయో అందులో ఉంటుంది, మొత్తం ఎంతమందికి అమర్చారో ఉండదు. కాబట్టి ‘ఫలానా కంపెనీ రాడ్ ఇంత శాతం విరుగుతుంది’ అని లెక్క కట్టకూడదు. రిపోర్టులో ఆ పరిమితిని మీరే రాస్తే ఇంటర్వ్యూలో మీ మీద గురి కుదురుతుంది.

ఆ రాడ్లు మీ వీపులోనే ఉంటే

ఇది చదువుతున్నవాళ్లలో చిన్నప్పుడు ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు కచ్చితంగా ఉంటారు. ప్లేస్‌మెంట్ల సీజన్లో మీకు వేరే ప్రశ్నలుంటాయి. చెప్పాలా, వద్దా? రోజంతా కూర్చోగలనా?

ఎముక గట్టిగా అతుక్కున్నాక డెస్క్ ఉద్యోగాలకు సాధారణంగా అడ్డేమీ ఉండదు. అతికించిన భాగం వంగదు కాబట్టి కిందినుంచి బరువు తీయాలంటే మోకాళ్ల మీదే ఆధారపడాలి. గంటలకొద్దీ ఒకే భంగిమలో ఉంటే అతికించని నడుము భాగానికి పని పెరుగుతుంది, అందుకని మధ్యమధ్యలో లేవండి. కొత్తగా నొప్పి మొదలైనా, వీపులో టక్కుమన్న శబ్దం వచ్చినా, పాత మచ్చ దగ్గర చెమ్మ కనిపించినా ‘ఆపరేషన్ అయిపోయిందిగా’ అని ఊరుకోవద్దు. కాళ్లలో బలహీనత, మూత్రం మీద అదుపు తప్పడం లాంటివైతే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద 40 శాతం, ఆపైన వైకల్యం ధ్రువీకరణ అయితే ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ వర్తించే వర్గాల్లోకి వస్తారు. ఆపరేషన్ అయినంత మాత్రాన ఆ శాతం వస్తుందని కాదు, మెడికల్ బోర్డు నిర్ణయించాలి. రైల్వే, పోలీసు, రక్షణ ఉద్యోగాలకు శారీరక ప్రమాణాలు వేరుగా ఉంటాయి. ఫీజు కట్టేముందే నోటిఫికేషన్‌లో ఆ పేజీ చదవండి. కోచింగ్‌కు ఏడాది పెట్టాక చదివితే లాభం లేదు.

ఇంకో పని ఈ వారమే చేయండి. డిశ్చార్జ్ సమ్మరీ, ఆపరేషన్ నోట్స్, ఇంప్లాంట్ స్టిక్కర్ల కాపీ ఆసుపత్రి నుంచి తెచ్చుకుని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఏ పూస నుంచి ఏ పూస దాకా అతికించారు, లోహం టైటానియమా, స్టీలా, ఏ కంపెనీది, బ్యాచ్ నంబర్ ఎంత. ఎప్పుడైనా ఎంఆర్ఐ తీయాల్సి వచ్చినా, వేరే ఊళ్లో వేరే డాక్టర్ చూడాల్సి వచ్చినా, ఆ బ్యాచ్ మీద రీకాల్ వచ్చినా మొదట అడిగేది ఇవే.